వినపడిన వేగం

రంగనాయకులన్నకు దూరపు చూపులో ఏ లోపమూ లేదు. మా కళ్ళద్దాల షాపు గోడకు తగిలించిన అట్ట మీద ఆఖరి వరస ఉంటుంది, నేనే కళ్ళు చికిలించుకుని చదివే వరస. దాన్ని అతను బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ చదివేసేవాడు. దగ్గర చూపు మాత్రం యాభై నిండేసరికి పూర్తిగా పోయింది. దీన్ని బయట చత్వారం అంటారు, మా ముస్లిముల ఇళ్ళలో చాలీసా అంటారు, రెండు మాటల్లోనూ ఉన్నది నలభయ్యే. నలభై దాటిన ప్రతి మనిషికీ వచ్చేదే, ఇందులో సిగ్గుపడాల్సింది లేదని పాతికేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఒక్కరు నమ్మితే ఒట్టు. ఆడవాళ్ళు దారం ఎక్కడం లేదని సూదిని తిడతారు. మగవాళ్ళు పేపరు వాళ్ళు సిరా తగ్గించేశారంటారు. రంగనాయకులన్న ఎవరినీ తిట్టలేదు, దాచిపెట్టాడు. ఆ దాచడంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టే అతని కథ నేను చెప్పాల్సి వస్తోంది.

అతనిది ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఇంటికి రెండెకరాల మాగాణి ఉండేది. ముగ్గురు అన్నదమ్ములకు అది ఏ మూలకూ రాదని, ఇతను పద్దెనిమిదేళ్ళకే స్టీరింగ్ పట్టాడు. అప్పుడప్పుడే ఆ పక్క రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. రొయ్యపిల్లల్ని ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి వ్యానుకు ఎత్తితే, సంచిలో నీళ్ళు వేడెక్కకముందే చెరువు గట్టుకు చేర్చాలి. నిదానంగా పోతే వేడికి చస్తాయి, అడ్డదిడ్డంగా తోలితే కుదుపులకు చస్తాయి. ఇరవై ఏళ్ళకు పైగా అతను అదే పని చేశాడు. ఆ వ్యానులో స్పీడు మీటరు ఏనాడూ పనిచేయలేదు. ఓనరు బాగుచేయించలేదు, ఇతను అడగలేదు. ఇంజను మోతను బట్టి యాభై అనో, డెబ్భై అనో చెప్పేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళు ఫోనులో చూసుకుంటే అంతే ఉండేది. కన్ను మోసం చేస్తుంది గానీ చెవి చెయ్యదని అతని సిద్ధాంతం. కళ్ళద్దాలు అమ్ముకుని బతికేవాణ్ణి నేను, నా షాపులో కూర్చునే ఈ మాట అనేవాడు!

ఏడేళ్ళ కిందట, కృష్ణపట్నం పోర్టుకు ఎగువన ఉప్పు పండించి వదిలేసిన పాత కయ్యల్లో ఒక కంపెనీ రేసు ట్రాకు వేసింది. చుట్టు మూడు కిలోమీటర్లు, ఎనిమిది మలుపులు, నడుమ కిలోమీటరు పొడవున తిన్నగా సాగే రోడ్డు. రేసు కార్లను అక్కడ సిద్ధం చేసి, నడిపి చూసి, పోటీలకు పోయే జట్లకు ఇస్తారు. రంగనాయకులన్న అక్కడ నీళ్ళ ట్యాంకరు డ్రైవరుగా చేరాడు. ఒకరోజు కారు నడిపి చూసే డ్రైవరు రాకపోతే, మేనేజరు ఇతన్ని కూర్చోబెట్టాడు. పది చుట్లు తిరిగి వస్తే పది చుట్లకూ కారు ఒకే జాడలో నడిచింది. రొయ్యపిల్లల్ని చంపకుండా తోలిన చెయ్యి అది. ఆ తర్వాత అతను ట్యాంకరు ఎక్కలేదు.

అతని పని చెప్పడానికి తేలిక. చెప్పినట్టు కారును తిప్పాలి, దారి పక్కన ఒక్కో బోర్డు దాటేటప్పుడు వేగం ఎంతుందో హెల్మెట్లో ఉన్న మైకులో చెప్పాలి. ఆఫీసులో ఆ మాటల్ని రికార్డు చేస్తారు. అతను చెప్పిన అంకెకూ కంప్యూటరు చూపే అంకెకూ తేడా రెండు కిలోమీటర్లు దాటేది కాదు. కొన్నాళ్ళకు అతని మాటే అక్కడ ప్రమాణం అయిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం షాపుకు వచ్చి, దగ్గరి అంకెలు అలికేసినట్టు ఉన్నాయన్నాడు. అద్దాలు ఇచ్చాను. దగ్గరికి చూసే అద్దాలు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న రోడ్డు మసకబారింది. పైన దూరానికి, కింద దగ్గరకు చూసే జోడు అద్దాలు చేసిచ్చాను. హెల్మెట్లో వాటి కాడలు కణతల్ని నొక్కాయి, మలుపుల్లో తల తిప్పినప్పుడల్లా రోడ్డు రెండు ముక్కలై ఊగిందట. మూడోరోజు వాటిని తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. కంపెనీలో ఏటా కంటి పరీక్ష ఉంటుంది, అందులో చిన్న అక్షరాల అట్ట చేతికిచ్చి చదవమంటారు. అది తప్పితే స్టీరింగ్ ఇవ్వరు. ఆ అట్ట ఎలా ఉంటుందని అడిగాడు. నా దగ్గర ఉన్నదీ అదే. తెలుగులో ఆరు వరసలు, కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి.

"ఒకసారి చదివి వినిపించు భాయ్," అన్నాడు.

నేను చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాను. రెండోసారికి అతనికి కంఠతా వచ్చేసింది, చెవి అలాంటిది. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. లైసెన్సు కోసం అట్ట బట్టీ పట్టించడం మా వ్యాపారంలో అందరూ చేసేదే, ఎవరికీ అది తప్పుగా తోచదు. నాకూ తోచలేదు.

అలా మూడేళ్ళు గడిచాయి. పెట్రోలు కార్లకు గుండ్రటి మీటరు ఉంటుంది, మసకగానైనా ముల్లు ఎటు తిరిగిందో తెలిసేది. మిగతాది ఇంజను చెప్పేది. ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన ఏడాది చివర్లో కరెంటు కారు వచ్చింది. దానికి ఇంజనూ లేదు, మోతా లేదు. ముల్లు లేదు. స్టీరింగు మధ్యలో అరచేతి పాటి తెర, అందులో చీమల్లాంటి అంకెలు. మొదటిరోజు తిప్పి వచ్చి అతను నేరుగా మా షాపుకే వచ్చాడు. బెంచీ మీద కూలబడ్డాడు. టైర్ల రొద, గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదట. వాటిని పట్టుకుని ఏదో ఒక అంకె చెప్పుకుంటూ వచ్చాడట.

నిజం చెప్పెయ్యమని ఆ రోజు నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అప్పటికి గాని నాకు భయం పుట్టలేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అతను వినలేదు. ఇంట్లో తిండికి లోటేమీ లేదు. కూతురు రేవతి టీచరు, అల్లుడు పోర్టులో ఉద్యోగం. జీతం కోసం పట్టుకు వేలాడే మనిషి కాదు. ఒకసారి నేను గట్టిగా అడిగితే నన్నే ఎదురు అడిగాడు.

"ఈ స్టీరింగ్ వదిలేస్తే నేనెవురిని భాయ్?"

ఆ రోజుకు నేను ఆ మాట వదిలేశాను.

ఫిబ్రవరిలో జరగాల్సింది జరిగింది. తిన్నటి రోడ్డు చివర, మలుపు నూరు మీటర్లుందని చూపే బోర్డు దగ్గర బ్రేకు తొక్కాలి. గంటకు నూటయాభై మీద వస్తుంటే అక్కడ తొక్కితే కారు మలుపుకు సరిగ్గా అందుతుంది. ఆ రోజు అతను మైకులో నూటయాభై అన్నాడు. నిజానికి కారు నూటడెబ్భై దాటి ఉండాలి. మలుపు తప్పి, కంకర పోసిన చోటు దాటి, టైర్ల గోడను గుద్దుకుని ఆగింది. అతనికి భుజం మీద కమిలింది, అంతే. కారులో లెక్కలు రాసే పెట్టె ఇంకా బిగించలేదు. వేగం ఎంతో తెలియడానికి ఉన్న ఒకే ఆధారం అతని మాట. ఏడేళ్ళలో తప్పని మాట. నూటయాభైలో తొక్కినా కారు ఆగలేదంటే తప్పు బ్రేకులదే అని తేల్చారు. ఆ కారుకు బ్రేకులు బిగించినవాడు గణేష్, ముత్తుకూరు కుర్రాడు, ముప్పై ఏళ్ళుంటాయి. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. ఆ మాట అంటున్నప్పుడు రంగనాయకులన్న అక్కడే ఉన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

మార్చిలో వినీల ఒక కొత్త పరికరం తెచ్చి కారులో పెట్టింది. వినీల ఆ ట్రాకులో ఇంజనీరు, బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు వాళ్ళ అమ్మాయి. ఆ పరికరం పేరు హెడ్-అప్ డిస్‌ప్లే. మెకానిక్కులు దాన్ని అద్దం అంకె అన్నారు, ఆ పేరే నిలిచింది. డ్యాష్‌బోర్డు కింది నుంచి వెలుగును ముందద్దం మీదికి కొడుతుంది. డ్రైవరుకు వేగం అంకె బానెట్ అవతల, రోడ్డు మీద తేలుతున్నట్టు కనపడుతుంది. నూటయాభై మీద పోతుంటే కారు సెకనుకు నలభై రెండు మీటర్లు కదిలిపోతుంది. కళ్ళు కిందికి దించి, తెర చదివి, మళ్ళీ పైకెత్తేసరికి అంత దూరం గుడ్డిగా పోయినట్టే కదా అని వినీల వాదన. అద్దం అంకె ఉంటే కళ్ళు రోడ్డు మీది నుంచి దించే పని లేదు.

ఆమెకు తెలియని ఇంకో మేలు అందులో ఉంది. ఆ అంకె అద్దం మీద పడినట్టుంటుంది గానీ, కంటికి అది రెండు మూడు మీటర్ల అవతల ఉన్న వస్తువు. చత్వారం వచ్చిన కంటికి ఆ దూరంతో పేచీ లేదు.

ఆ సాయంత్రం రంగనాయకులన్న షాపులోకి వచ్చిన తీరు నేను మరిచిపోలేను. నా రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు.

"అంకెలు కనపడినాయి భాయ్. నూటముప్పై ఆరు. ఆరు కూడా కనపడినాది."

నాకూ ఏడుపు వచ్చింది. గండం గడిచిందనుకున్నాను. గణేష్ సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

ట్రాకులో ఉన్న కార్లన్నిటికీ దాన్ని పెట్టించాలా వద్దా అని కంపెనీ ఆలోచన. దాన్ని తేల్చే పని ఇతనికే అప్పజెప్పారు. నెలరోజులు, రోజుకు ముప్పై చుట్లు నడిపాడు. అతను చెప్పినవి విన్నాక నాకు అతని మీద గౌరవం పెరిగింది. తనకు కన్ను ఇచ్చిన వస్తువని దాన్ని ఆకాశానికి ఎత్తలేదు. తిన్నటి రోడ్డు మీద అది బంగారమే, బ్రేకు తొక్కే బోర్డునూ వేగాన్నీ ఒకే చూపులో పట్టుకోవచ్చన్నాడు. మలుపుల్లో మాత్రం దండగ. మలుపులో డ్రైవరు చూపు పక్కకు, మలుపు లోపలి అంచుకు పోతుంది, అంకె ఎదురుగా ఎవరూ చూడని చోట వెలుగుతూ కూర్చుంటుంది. మూడు గంటల ఎండకు ఉప్పు కయ్యలు తెల్లగా మెరిస్తే అంకె వెలిసిపోతుంది. మొదట్లో దాంట్లో వేగం, బ్యాటరీ, టైర్ల వేడి, చుట్టు సమయం అన్నీ కుక్కారు. అవన్నీ తీసేయించి, ఒకే పెద్ద అంకె ఉంచమన్నాడు. కుర్ర డ్రైవర్లు అంకె చూస్తూ బోర్డు మరిచిపోతున్నారని కూడా చెప్పాడు. కొందరికి నల్లద్దాలు పెట్టుకుంటే అంకె మాయమైంది. ఎండ మెరుపును కోసే పోలరైజ్డ్ అద్దాలతో అలా జరుగుతుందని నేను చెప్పి పంపాను. ఆ పాటి పాండిత్యం నాకూ ఉంది.

చిక్కు వచ్చింది ఒక మాట దగ్గర. సగం చుట్లు అంకె వేసి, సగం చుట్లు తీసేసి, పెట్రోలు కారులోనూ కరెంటు కారులోనూ నడిపించింది వినీల. డ్రైవరు మైకులో అన్న మాటను అన్నట్టే రాయాలని నియమం. ఆమె రికార్డులు వింటూ రాసుకుంటూ పోయింది. అంకె ఉన్న చుట్లలో, "నూటనలభై కనపడతా ఉండాది" అన్నాడు. అంకె తీసేసిన పెట్రోలు కారులో, "నూటనలభై వినపడతా ఉండాది" అన్నాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. అంకె తీసేసిన కరెంటు కారులో బోర్డులు దాటిపోతున్నాయి, అతను గొంతు సవరించుకుంటున్నాడు, అంకె ఆలస్యంగా వస్తోంది, ఈమధ్యే బిగించిన లెక్కల పెట్టెతో పోలిస్తే వచ్చిందీ తప్పే.

అతన్ని పిలిచి ఆ కాగితం చూపించింది.

"రంగనాయకులన్నా, స్పీడు వినపడేదేంది? మీ పక్క అట్లా అంటారా?"

పాపం, తప్పించుకునే దారి కూడా ఆమే చూపించింది. అవునమ్మా, మా పక్క అంతే అంటే అయిపోయేది. అతను నీళ్ళు నమిలి, రేపు చెప్తానని వచ్చేశాడు. షాపుకు వచ్చి జరిగింది చెప్పి, నన్ను బండి తీయమన్నాడు. ఎక్కడికని అడిగితే ముత్తుకూరుకు అన్నాడు.

గణేష్ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, అన్నా రా అని మంచం దులిపాడు. రెండు నెలలకే మనిషి నలిగిపోయాడు. రంగనాయకులన్న ఎలా ఉన్నావని అడిగాడు. వచ్చిన పని చెప్పడానికి నోరు రాక అడిగిన మాట అది. గణేష్ దాన్ని నిజమైన పలకరింపు అనుకున్నాడు.

"ఆ రోజు బ్రేకులు మూడుసార్లు చూసినానన్నా. యాడ తప్పు చేసినానో తెలవడంలే. మొన్న పక్కింటాయన స్కూటరు తెస్తే చెయ్యనని చెప్పేసినా. నా చేతులంటే నాకే భయంగా ఉండాది."

రంగనాయకులన్న తల వంచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, అతని ఊపిరి నాకు వినపడుతోంది.

"నీ బ్రేకుల్లో ఏం లేదు గణేషూ. నాకు దగ్గర అంకెలు కనపడవు. నాలుగేండ్లాయ. ఆ రోజు నూటయాభై అని నోటికొచ్చింది చెప్పినా."

గణేష్ కేకలు వేసి ఉంటే బాగుండేది. అతను మమ్మల్ని ఒకసారి చూసి, తన అరచేతుల్ని చూసుకున్నాడు.

"రెండు నెలలు ఎట్టా ఊరుకున్నావన్నా?"

అంతే అడిగాడు. మేమిద్దరం బండెక్కి వచ్చేశాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నా పిడికెడు ఏమిటో ఆ వాకిట్లో నాకు తెలిసింది.

మర్నాడు ఇద్దరం కంపెనీకి వెళ్ళాం. మేనేజరు ముందు, వినీల ముందు అతను అంతా చెప్పాడు. అట్ట బట్టీ పట్టించింది నేనని నేను చెప్పాను. వినీల అతని తరఫున నిలబడింది. అంకె ఉన్న చుట్లన్నిటిలో ఇతనంత నిలకడగా నడిపినవాడు లేడని కాగితాలు పరిచింది. చూపు లోపాన్ని ఈ పరికరం తీర్చేసిందని, అతని కారుకు అది ఎప్పుడూ ఉండేలా చూస్తే చాలని అంది. మేనేజరు మెత్తబడ్డాడు. అలాంటి చెయ్యి వదులుకోవడం అతనికీ ఇష్టం లేదు. దూరపు చూపు బాగానే ఉంది కదా, నియమం మార్చుకుందాం అన్నాడు. ఒక్క ఊఁ అంటే స్టీరింగ్ అతనిదే. నేను లోపల్లోపల అల్లాను తలుచుకుంటున్నాను, ఊఁ అనాలని.

రంగనాయకులన్న వినీల వైపు తిరిగి చెప్పాడు.

"అద్దం అంకె మంచిదేనమ్మా. కండ్లుండేవాడికి కండ్లు కిందికి దించే పని తప్పిస్తాది. అంతవరకే దాని మేలు. నాకు అదే కన్నయి కూర్చునింది. నూటయాభైలో అది ఆరిపోయిన దినం, ఆ కారులో ఉండేది గుడ్డోడు. ఇదే రాసుకో. గణేష్‌ను పిలిపించండి."

గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వినీల ఏడుస్తూనే ఆ మాటలు అన్నవి అన్నట్టు రాసుకుంది. తర్వాత కార్లన్నిటికీ అద్దం అంకె పెట్టించారు. అంకె ఆర్పేసినా తెర మీద వేగం చదవగలిగినవాళ్ళకే కారు ఇవ్వాలని నియమం పెట్టారు.

నాకు షాపు దగ్గర పని ఉండి ముందే బయల్దేరాను. అతను తోటివాళ్ళకు చెప్పి వస్తానని ఉండిపోయాడు. ఆ తర్వాత జరిగింది గణేష్ చెబితే విన్నాను. ఫోను చేసి రమ్మంటే గణేష్ మధ్యాహ్నానికే వచ్చి సంతకం పెట్టాడట. సాయంత్రం గేటు బయట రంగనాయకులన్న బస్సు కోసం నిలబడి ఉంటే, బండి ఆపి ఎక్కమన్నాడట. ముత్తుకూరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా గేదెలు రోడ్డుకు అడ్డం వచ్చాయి. గణేష్ బ్రేకు తొక్కాడు. బండి ఎటూ జారకుండా నిలిచిపోయింది.

"బాగా పట్టినాయి గణేషూ," అన్నాడు వెనక నుంచి రంగనాయకులన్న.

గణేష్ బండి దిగి రోడ్డు పక్కకు పోయి ఏడ్చాడు. రెండు నెలల్లో అదే మొదటిసారట. తిరిగి వచ్చి, నువ్వే నడుపన్నా అని తాళం చెవి ఇచ్చాడు. రంగనాయకులన్న వద్దన్నాడు. గణేష్ పోయి వెనక సీట్లో కూర్చున్నాడు. చివరకు ఇతనే ముందుకెక్కి బండి తీశాడు. గణేష్ అతని భుజం మీదుగా వంగి మీటరు చూశాడు.

"ముప్పై అన్నా," అన్నాడు.

ఊరు వచ్చేదాకా అలా చూసి చెబుతూనే ఉన్నాడట.